నీళ్లు తగలకూడని కాసుల పేరు

గిల్టు నగను ఎట్లా కాపాడుకోవాలో నన్నడగండి, చెప్తాను. నీళ్లు తగలనీయకూడదు. చెమట పట్టనీయకూడదు. పౌడరూ సెంటూ అన్నీ అయినాక, గడప దాటబోయే ముందు ఆఖరుకు మెడలో వేసుకోవాలి. ఇంటికి రాగానే అన్నిటికంటే ముందు దాన్నే తీసెయ్యాలి. తీసినాక ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. వేరే నగలతో కలిపి పెడితే ఒకదానికొకటి రాసుకుని పూత లేచిపోతుంది, అందుకని విడిగా దూదిలో చుట్టాలి. డబ్బాలో ఒక సుద్దముక్క వేసి పెడితే తేమను అది తాగుతుంది. తడి పూలదండ తగిలినా, సాంబ్రాణి పొగ సోకినా నిదానంగా నలుపు తిరుగుతుంది. ఇవన్నీ నేను ఏ గిల్టు అంగట్లోనూ నేర్చుకోలేదు. మా తమ్ముడు నేర్పినాడు. గిల్టు అన్న మాట ఒక్కసారి కూడా పలక్కుండా నేర్పినాడు.

మాది ఆళ్లగడ్డలో అంగడి కుటుంబం. అయిదో తరగతితో బడి మానేసి నాయన పక్కన తక్కెడ పట్టినవాణ్ణి నేను. పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాత పుస్తకాలే నాకు కాలేజీ. చరిత్ర అట్లనే చదివినాను, వైద్యం అట్లనే చదివినాను. ఒకసారి మొదలూ చివరా లేని రసాయన శాస్త్రం పుస్తకం దొరికింది. దాన్ని మాత్రం పొట్లాలకు చింపలేదు. బంగారాన్ని నీళ్లూ గాలీ పులుపూ ఏమీ చెయ్యలేవని, దానికి తుప్పూ చిలుమూ పట్టవని అందులోనే ఉంది. అంగడికి వచ్చిన వాళ్లకు బెల్లం తూకం వేస్తూ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినానో లెక్కలేదు. అంత తెలిసినవాణ్ణి, నా ఇంట్లో శ్రావణ మాసం వచ్చేసరికి మాత్రం బంగారాన్ని నీళ్లకు భయపడి దూదిలో చుట్టి పెట్టినాను. తమ్ముడు చెప్పినాడు గనక. పుస్తకం కంటే తోడబుట్టినవాడే ఎక్కువ అనుకున్నాను గనక.

ఆ నగ అమ్మ కాసుల పేరు. అమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది. కాసు కాసు మీదా లక్ష్మీదేవి బొమ్మ. ఏడాది పొడుగునా పెట్టెలో ఉండి, వరలక్ష్మీ వ్రతం నాడు కలశం మెడలోకి వచ్చేది. ముందురోజు దానికి స్నానం. అమ్మ కుంకుడుకాయలు నానబెట్టి, గింజలు తీసి, చింతపండుతో కలిపి పిసికేది. పెరట్లో బండ మీద కూర్చుని, కొబ్బరి పీచుతో ఆ నగను పాల గిన్నెను తోమినట్టు తోమేది. బండకు తగిలి కాసులు గలగలలాడేవి. ఆమె తోమంగా తోమంగా నేను చెంబుతో నీళ్లు పోసేవాణ్ణి. తమ్ముడు నురగ ఊదుకుంటూ కూర్చునేవాడు. చెల్లెలు చంటిది, అమ్మ వీపున పడి తన మెడలో వెయ్యమని మారాం చేసేది. అమ్మ మమ్మల్ని పట్టించుకోకుండా నగతోనే మాట్లాడేది.

"ఏమ్మా, పెట్టెలో పండుకోని పండుకోని మబ్బు పట్టినావే. స్నానం చెయ్యకుండా పీట ఎక్కుతావా? ఎవురింటి మర్యాద అది?"

అంత తోమినా ప్రతి ఏడూ అది ముందు ఏటికంటే మెరిసేదే గానీ తగ్గింది లేదు.

అమ్మ మంచాన పడినాక ముగ్గురినీ కూర్చోబెట్టుకుని చెప్పింది. అప్పటికి తమ్ముడు నంద్యాలలో బట్టల అంగడి పెట్టి ఇల్లు కట్టుకున్నాడు. చెల్లెల్ని దొర్నిపాడులో సేద్యం చేసే ఇంటికి ఇచ్చినాము, దానికి అప్పుడప్పుడే కూతురు పుట్టింది. అమ్మ అంది కదా, "కాసుల పేరు ఈ మనవరాలిది. దీని పెండ్లినాడు మేనమామ చేత్తో మెడలో పడల్ల. పెద్దోడా, నువ్వే వెయ్యల్ల. అంతవరకు చిన్నోని బీరువాలో ఉండనీ. నీ ఇల్లు అంగడి ఇల్లు, వచ్చేవాళ్లు పోయేవాళ్లు. శ్రావణంలో మాత్రం నీ ఇంటికే రావల్ల." నేను ఆమె చేతిలో చెయ్యి వేసినాను. తమ్ముడూ వేసినాడు. చెల్లెలు ఏడుస్తా ఉండింది.

అమ్మ పోయిన తర్వాత మొదట్లో వ్రతానికి నగ వచ్చినప్పుడు నేనే అమ్మ లెక్కన కడిగినాను. కొన్నేండ్లకు ఒక శ్రావణంలో తమ్ముడు డబ్బాతో బస్సు దిగి, డబ్బా నా చేతిలో పెట్టి, చెయ్యి వదలకుండా అట్లనే పట్టుకున్నాడు.

"అన్నా, అమ్మది. ఈసారి నుంచి కడగొద్దు."

"ఏంరా?"

"కాసుల లోపల లక్క ఉందంటన్నా. అంచులు అరిగిపోయినాయి. నీళ్లు పోతే లక్క ఉబ్బి కాసులు విడిపోతాయని కంసాలి ఆచారి చెప్పినాడు. పసుపు కూడా అంటనియ్యొద్దు. గుడ్డతో అద్దితే చాలు."

పాత నగల్లో లక్క నింపడం నేను విన్నదే. నమ్మినాను. దూదీ, సుద్దముక్కా, మెత్తని గుడ్డా అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. ఎంత శ్రద్ధ వీనికి అమ్మ వస్తువంటే, అని కండ్లలో నీళ్లు తిరిగినాయి నాకు. ఆ ఏటి నుంచి కలశానికి తడి పూలు ఒక పక్కకు కట్టినాము. సాంబ్రాణి దూరంగా పెట్టినాము. చెల్లెలు ప్రతి ఏడూ వచ్చేది, కలశం ముందు చేతులు కట్టుకుని నిలబడేది. "అమ్మను చూసినట్టుంటాదన్నా," అనేది. కొంగుతో కండ్లు తుడుచుకునేది.

నా భార్య ఒకసారి నగను అరచేతిలో ఎత్తి చూసి, "ఏమయ్యా, ఇది తేలికబడినట్టు లేదూ?" అంది.

"లోపల లక్క ఎండిపోయింటుంది."

"మీ తమ్ముడు చెప్తే లక్క ఉబ్బుతాది, నువ్వు చెప్తే ఎండుతాది. శానా తెలివైన లక్కప్పా ఇది," అని డబ్బా మూసింది.

నా చేతికి మాత్రం తేలికా బరువూ తెలియలేదు. పసితనంలో ఎత్తిన బరువే నా చేతిలో గుర్తుగా నిలబడిపోయింది. పసిచేతికి ఏదైనా బరువే కదా.

మేనకోడలికి పెండ్లి కుదిరింది. చదువుకుని నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తా ఉండింది ఆ పిల్ల. అబ్బాయి వాళ్లది ప్యాపిలి దగ్గర. నగ నాకియ్యమని తమ్మున్ని అడిగితే, "పెండ్లినాడు మండపానికి నేనే తెస్తాలే అన్నా, నీకెందుకు శ్రమ," అన్నాడు. అమ్మ నన్ను వెయ్యమంది, నా ఇంటి నుంచే పోవల్లని పట్టుబట్టినాను. ఆఖరుకు ఇచ్చినాడు. ఇస్తా ఇస్తా, "దూది తియ్యొద్దన్నా. అట్లనే తెచ్చి అట్లనే వెయ్యి," అన్నాడు.

అట్లనే వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. కన్నెపిల్ల మెడలోకి పోయే నగ. స్నానం లేకుండా పీట ఎక్కించడమా? లక్కకు వేడి నీళ్లే కదా పగ, చన్నీళ్లతో ఏమీ కాదులెమ్మని నాకు నేనే చెప్పుకున్నాను. తెల్లవారి కుంకుడుకాయలు కొట్టి, చింతపండు పిసికి, పెరట్లో అమ్మ కూర్చున్న బండ మీదనే కూర్చున్నాను. రోడ్డవతల శిల్పుల కొట్టాల్లో అప్పుడే ఉలుల చప్పుడు మొదలైంది. నా భార్య చెంబుతో నీళ్లు పోస్తా ఉండింది. తోముతున్నాను. మొదట నురగ తెల్లగానే వచ్చింది. ఇంకొంచెం తోమేసరికి నురగలో తళుకులు కనిపించినాయి, సన్నగా, చేప పొలుసు మాదిరి. ఎంత తోమితే అంత మెరుస్తుందని అమ్మ చెయ్యి నేర్పిన పని కదా, నేను ఇంకా గట్టిగా తోమినాను.

"ఏమయ్యా, నిలుపు. చెయ్యి నిలుపు."

"ఏందే?"

"వాసన చూడు."

చూసినాను. రాగి గంగాళం తోమినప్పటి వాసన. నీళ్లు పోసి చూస్తే లక్ష్మి ముక్కు ఎర్రగా ఉంది. పక్క కాసు మీద ముక్కూ, పొట్టా ఎర్రగా ఉన్నాయి. ఎత్తుగా ఉన్న చోటల్లా పూత పోయి లోపలి రాగి బయటపడింది.

"కవరింగు," అంది నా భార్య.

"ఊర్కో. అరిగిపోయి లక్క కనపడతాంది."

"లక్క ఎర్రగానే ఉంటాది గానీ రాగి వాసన కొట్టదు. జన్మంతా కవరింగు గాజులు తొడిగినదాన్ని, నాకు తెలీదా?" అని నా చేతిలోంచి తీసుకుని ఒక కాసు అంచును గోటితో గీకింది. కోడిగుడ్డు లోపలి పొర మాదిరి పల్చగా ఏదో లేచింది. "ఇదో చూడు. తెల్ల గోళ్లరంగు. పూత పోకుండా పైన ఇది పూస్తాం. ఏడాదికొకసారి పూసుకుంటే నాలుగు కాలాలు నిలుస్తాది. ఎవురో శానా ఓపికగా పూసినారప్పా."

ఆ ఓపికే నన్ను ఎక్కువ కోసింది. ప్రతి శ్రావణానికీ ముందు ఎవరో దీపం దగ్గర కూర్చుని ఒక్కొక్క కాసుకూ రంగు పూసి, ఆరబెట్టి, దూదిలో చుట్టి, నాకు పంపించినారు. నేను దానికి హారతి ఇచ్చినాను.

మారిపోయింది ఎప్పుడో నాకు వెంటనే తెలిసింది. అమ్మ కడిగిన నగ ఇది కాదు. ఇదే అయితే ఆ కొబ్బరి పీచు కింద ఒక్క ఏడు కూడా నిలిచేది కాదు. మొదట్లో నేను కడిగిందీ ఇది కాదు. కడగొద్దన్న ఏడే మారింది. మంచి బంగారాన్ని దొంగల నుంచి కాపాడాలి. గిల్టును నీళ్ల నుంచి కాపాడాలి. మా తమ్ముడు నాకు నీళ్ల జాగ్రత్తలే చెప్పినాడు గానీ, తలుపు గడియ వేసుకో అన్నా అని ఒక్క ఏడూ చెప్పలేదు. అప్పుడే తట్టవల్సింది నాకు.

ఆ పొద్దే నంద్యాల బస్సెక్కినాను. తమ్ముడింటికి పోయేసరికి మిద్దె మీద గదిలో పెండ్లి చీరలు పరిచి ఉన్నాయి. చెల్లెలు చీరల మధ్య కూర్చుని ఉంది. తమ్ముడు చాపకొనకు కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నేను సంచిలోంచి నగ తీసి చీరల మీద పెట్టినాను. ఎవరూ "ఏందన్నా ఇది" అనలేదు. అదీ నాకు జవాబు.

"కడిగినావా?" అన్నాడు తమ్ముడు.

"కడిగినా."

"వద్దని ఎన్నితూర్లు చెప్పినా నీకు?"

దొంగతనం వానిది, తప్పు నాది! "రేయ్, అమ్మ బంగారం యాడ?" అన్నాను.

వాడు కప్పు కింద పెట్టినాడు. "అన్నా, ఒక మాట. నేనెప్పుడన్నా అది బంగారమని నీకు చెప్పినానా?"

నేను వెతుక్కున్నాను. నిజంగానే అప్పటికప్పుడు అన్నేండ్ల శ్రావణాలూ వెతుక్కున్నాను. 'అమ్మది అన్నా, జాగ్రత్త.' 'అమ్మది వచ్చిందన్నా.' 'అమ్మది పంపియ్యి అన్నా.' ఒక్కనాడూ కాసుల పేరు అనలేదు, బంగారం అనలేదు. లక్క మాటను కూడా ఆచారి మీద పెట్టి చెప్పినాడు. నోటితో అబద్ధం రాకుండా అంత పొడుగు కాలం ఎట్లా కాపాడుకున్నాడో, అదొక విద్య.

"అయితే ఇది అమ్మదా?"

తమ్ముడు మళ్లీ కాఫీ కప్పు అందుకున్నాడు. చెల్లెలు మాట్లాడింది. అది మాట్లాడుతుందని నేను అనుకోలేదు.

"కరిగిచ్చినామన్నా. చిన్నన్నకు అంగడికి అవసరం, నాకు ఇంటికి. నా కూతురిదే కదా, ముందుగా నేను వాడుకున్న్యా. దాంట్లో తప్పేముంది?"

"నీదే అయితే నాతో చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే ఒప్పుకుంటావా నువ్వు? అమ్మ మాట, అమ్మ మాట అని ఊరంతా చాటుతావు. నీ నోటికి భయపడే ఇదంతా."

"నోరు నాదైతే, చేతులు ఎవరివి? గోళ్లరంగు పూసింది నా నోరేనా?"

అది మూతి తిప్పుకుంది. పూసింది ఎవరో నాకు అర్థమైంది. కలశం ముందు నిలబడి అమ్మను చూసినట్టుంటాదన్న మనిషి.

తమ్ముడు సర్దిచెప్పే గొంతు తెచ్చుకున్నాడు. "అయిపోయింది వదిలెయ్యన్నా. ఈడ పెట్టిపో. బజార్లో మనకు తెలిసినాయన ఉండాడు, పొద్దుగూకేలోపల మళ్లీ బంగారు నీళ్లు పోసిస్తాడు. కొత్తదాని మాదిరి వస్తాది. పెండ్లినాడు నువ్వు వేస్తావు, పోటోలు తీస్తారు, అందరూ చూస్తారు. అమ్మ మాట కూడా నిలుస్తాది."

"ఆ పిల్ల దీన్ని బంగారమనుకుని మెట్టినింటికి పోతాది. రేపు ఎవరన్నా గీటురాయి మీద గీసి చూస్తే?"

"ఎవురు చూస్తారన్నా," అంది చెల్లెలు.

"ఎవరో ఒకరు చూస్తారు. ఆనాడు అది గిల్టు తెచ్చిందని అంటారు గానీ, వాళ్లమ్మ కరిగిచ్చిందని అనరు."

నేను నగను సంచిలో వేసుకున్నాను. తమ్ముడు సంచి పట్టుకున్నాడు. "అది తీసుకుపోయి ఏం జేస్తావు?" "నీకు దొరక్కుండా చేస్తా," అని విడిపించుకుని మెట్లు దిగినాను. దాన్ని ఆ ఇంట్లో వదిలితే నీళ్లు పోయించి ఎట్లయినా పిల్ల మెడలో వేస్తారని నాకు తెలుసు.

అక్కడి నుంచి నేరుగా పిల్ల పనిచేసే బడికి పోయినాను. బడి విడిచేదాకా గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడినాను.

"ఏం మామా, ఎండలో ఈడ ఏం చేస్తాండావ్? లోపలికి రాకూడదా?" అని గొడుగు పట్టింది.

నడుస్తా చెప్పినాను. ఎవరు, ఎప్పుడు, ఎట్లా, అన్నీ. చెప్పేటప్పుడు దాని మొగం చూడలేదు. మలుపు దాకా గొడుగు నా మీదికే వంచి నడిచింది.

"వాళ్లింట్లో పెద్దకోడలు కాపురానికి వచ్చిన వారంలోనే ఆమె నగలు ఆచారి దగ్గర పెట్టి చూపిచ్చినారంట మామా," అంది. "నన్ను చూసేకి వచ్చినప్పుడు ఆమే నవ్వుతా చెప్పింది. అందరివీ చూస్తారు, భయపడొద్దని."

"అందుకే నేను వెయ్యను."

"వెయ్యొద్దు." మళ్లీ తనే అంది. "మామా, నాకు తెలుసని మా అమ్మకు తెలియనియ్యొద్దు. పెండ్లిలో ఎవురేమన్నా నువ్వు నోరు తెరవొద్దు. అమ్మ చేసిందని బయటపడితే వాళ్లింట్లో నేను తలెత్తుకోలేను. నాకోసం."

నాకోసం అంటే ఏం చెప్తాను. సరే తల్లీ అన్నాను.

నంద్యాలలో కల్యాణ మండపం. మా ఆచారం ప్రకారం పెండ్లికూతుర్ని మేనమామలు గంపలో కూర్చోబెట్టి మండపంలోకి మొయ్యాలి. గంపకు ఒక పక్క నేను, ఒక పక్క తమ్ముడు. వంగినప్పుడు ఇద్దరి తలలూ తగిలినంత దగ్గరైనాయి. "యాడ పెట్టినావన్నా?" అన్నాడు వాడు పెదవులు కదలకుండా. "ఎత్తు," అన్నాను. ఎత్తినాము. నా నడుము విరిగినట్టైంది. పిల్ల ఒక చేత్తో గంప అంచూ, ఇంకొక చేత్తో నా భుజమూ పట్టుకుంది.

పీటల మీద దించినాక నేను పట్టుచీర ఇచ్చినాను. అబ్బాయి మేనత్త ముందు వరుసలోనే కూర్చుని ఉంది. "మేనమామది కాసుల పేరు అన్నారే, యాడ?" అని గట్టిగానే అడిగింది. సన్నాయి ఆ క్షణమే ఆగాలా? ఆగింది.

తమ్ముడు ఉత్తరీయం సర్దుకున్నాడు. చెల్లెలు నా వైపు చూసింది. వద్దమ్మా అన్నట్టు నేను కండ్లతోనే బతిమాలినాను. అది నవ్వు మొగంతో మేనత్త వైపు తిరిగింది.

"మా పెద్దన్న కాడ ఉంది లే వదినా. అమ్మ వస్తువు కదా. తీసియ్యనీకె చెయ్యి రాలేదేమో పాపం. వయసైనాక అట్లనే ఉంటాదంట. ఏం జేస్తాం, మన బంగారమే మంచిది కాకపోతే."

వరుసల్లో నవ్వు పాకింది. ఎవరో, "ముసలాయనకు ఇంకెన్నాళ్లకు గావల్లనో," అన్నారు. నా భార్య లేచి నిలబడింది. ఆమె నోరు తెరిస్తే ఏం వస్తుందో నాకు తెలుసు. చీరకొంగు పట్టుకుని కిందికి లాగినాను.

"కూర్చో."

"ఎందుకు కూర్చోవల్ల? నా నోట్లో ఏముంది, మన్నా?"

"ఆ పిల్ల చూస్తాంది."

నిజంగానే చూస్తా ఉంది, తలంబ్రాల పళ్లెం మీదుగా, బాసికం కింద నుంచి. నా భార్య కూర్చుంది. మళ్లీ సన్నాయి మొదలైంది.

పెండ్లి బాగానే జరిగింది. పిల్ల బాగానే ఉంది, దాని నగల్లో దేనికీ వంక రాలేదు. నేను మాత్రం ఆ పొద్దు నుంచి మా వాళ్లలో అమ్మ బంగారం మింగిన పెద్దకొడుకును. తమ్ముడు ఆ మాట ఎవరి దగ్గరా అనడంట. ఎవరన్నా అంటే కాదని కూడా అనడంట. వాడు ఎప్పుడూ అంతే, అబద్ధం చెప్పడు.

పెండ్లినాడు భోజనం చెయ్యకుండానే వచ్చేసినాము. నా భార్య బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. శిరివెళ్ల దాటినా తిరగలేదు. ఆళ్లగడ్డలో దిగబోతా అంది.

"వాళ్లు నిన్ను మోసం చేసినారు, సరే. ఆ పిల్లకు నువ్వు మాట ఇచ్చినావు, అదీ సరే. ఈ పొద్దు నుంచి దొంగ పెండ్లాన్ని గదా నేను. నన్నొక మాట అడిగినావా?"

కండక్టరు దిగండి దిగండి అని తొందరపెడుతున్నాడు. నేను ముందు దిగి ఆమెకు చెయ్యి ఇచ్చినాను. ఆమె కమ్మీ పట్టుకుని తనే దిగింది.